అమ్మడం త్యాగమా, భయమా?

2023 ఏప్రిల్ 13న ఇన్ఫోసిస్ నాలుగో త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. వచ్చే ఏడాది ఆదాయం 4 నుంచి 7 శాతమే పెరగవచ్చని చెప్పింది. మర్నాడు అంబేడ్కర్ జయంతి సెలవు, ఆపై శని, ఆదివారాలు. 17న మార్కెట్ తెరిచాక షేరు కూలిపోయి 9 శాతానికి పైగా నష్టంతో ముగిసింది. కంపెనీ నిరాశపరిచినప్పుడల్లా చిన్న మదుపరి ముందు నిలిచే ప్రశ్న ఒకటే: ఉంచుకోవాలా, వదిలేయాలా? దీన్ని చాలామంది కేవలం లెక్కల ప్రశ్న అనుకుంటారు. నా దృష్టిలో ఇది ముందు మనసుకు సంబంధించిన ప్రశ్న. భగవద్గీత దీన్ని పట్టించుకున్నంత నిశితంగా పెట్టుబడుల పుస్తకాలు పట్టించుకోలేదు. గీత అనగానే ఫలాపేక్ష లేకుండా పనిచేయమన్న మాటే గుర్తొస్తుంది కాబట్టి, ఫలితాలు చూడకుండా షేరు పట్టుకుని కూర్చోవడమే నిష్కామమని కొందరు సర్దిచెప్పుకుంటారు. ఆ అర్థం సరికాదు.

త్యాగమంటే ఏమిటో చెప్పమని అర్జునుడు పద్దెనిమిదో అధ్యాయం మొదట్లోనే అడుగుతాడు. కృష్ణుడు మూడు రకాలు చెబుతాడు. చేయవలసిన పనిని మోహంతో వదిలేయడం తామసం. కష్టమనీ బాధ అనీ భయపడి వదిలేయడం రాజసం, దానికి త్యాగఫలం దక్కదు. చేయవలసింది చేస్తూనే సంగాన్నీ (మమకారాన్నీ) ఫలాన్నీ వదలడం సాత్త్వికం. ఫలితాలు వచ్చిన ఉదయం ఎర్ర అంకెలు చూడలేక అమ్మేసినవాడు ఏదో వదులుకున్నట్టే కనిపిస్తాడు గానీ, అతను చేసింది బాధ నుంచి పారిపోవడం. లాంగ్ టర్మ్ అన్న మాట చాటున నాలుగేళ్లుగా ఒక్క వార్షిక నివేదికైనా తెరవనివాడు స్థితప్రజ్ఞుడిలా కనిపిస్తాడు గానీ, తన బాధ్యతనే వదిలేశాడు. ఒకరు అమ్మారు, ఒకరు ఉంచుకున్నారు. ఇద్దరూ కంపెనీని చూడలేదు. వదలాల్సింది షేరునా కాదా అన్నది తర్వాత తేలుతుంది. ముందుగా వదలాల్సింది కొన్న ధర మీద మమకారం.

ఈ మమకారం ఎంత బలమైనదో టెరెన్స్ ఓడీన్ 1998లో ప్రచురించిన పరిశోధన చూపించింది. అమెరికాలో ఒక బ్రోకరేజీకి చెందిన 10,000 ఖాతాలను ఆయన పరిశీలించారు. మదుపరులు తమ చేతిలో ఉన్న లాభాల్లో 14.8 శాతాన్ని అమ్మి సొమ్ము చేసుకుంటే, నష్టాల్లో 9.8 శాతాన్నే వదిలించుకున్నారు. అమ్మేసిన లాభాల షేర్లు తర్వాతి ఏడాదిలో, పట్టుకున్న నష్టాల షేర్ల కంటే సగటున 3.4 శాతం పాయింట్లు మెరుగ్గా ఉన్నాయి. నష్టాన్ని అమ్మితే పన్నులో వెసులుబాటు వస్తుంది, లాభాన్ని అమ్మితే పన్ను పడుతుంది. అంటే వాళ్లు చేసింది పన్ను లెక్కకు కూడా తలకిందులే. పన్ను సంవత్సరం ముగిసే డిసెంబరులో మాత్రం నష్టాల షేర్లను ఎక్కువగా వదిలారు. పదకొండు నెలలు కదలని చెయ్యి ఒక సాకు దొరకగానే కదిలింది. కాబట్టి పన్ను వల్లే అమ్మలేకపోతున్నానని ఎవరైనా అంటే, అది కారణమా సాకా అని ఒకసారి అడిగి చూడాలి.

అడగడానికి ఒక కాగితం చాలు. లక్ష రూపాయలకు కొన్న షేర్లు ఏడాది దాటాక 3 లక్షలయ్యాయి అనుకుందాం. లాభం 2 లక్షలు. వేరే లాభాలు లేకపోతే 1.25 లక్షల వరకు మినహాయింపు, మిగిలిన 75,000 మీద 12.5 శాతం, దాని మీద 4 శాతం సెస్. మొత్తం 9,750 రూపాయలు, చేతికొచ్చే సొమ్ములో 3.25 శాతం. ఇన్ఫోసిస్ ఆ ఒక్క రోజులో పోగొట్టుకున్నది దీనికి దాదాపు మూడింతలు. ఏడాది నిండకపోతే లాభం మీద 20 శాతం పడుతుంది, అప్పుడు కొన్ని వారాలు ఆగడం సబబే కావచ్చు. పన్నును వాయిదా వేస్తే ఆ సొమ్ము కూడా మన దగ్గరే పెరుగుతుందన్న అభ్యంతరంలోనూ నిజముంది. అయితే కంపెనీ బాగున్నంత కాలమే అది పెరుగుతుంది. రాబోయే పన్ను గురించిన పుకార్లకు నేను ఆ మాత్రం విలువ కూడా ఇవ్వను. 2018 బడ్జెట్ దీర్ఘకాలిక లాభాలపై పన్నును మళ్లీ తెచ్చినా, ఆ ఏడాది జనవరి 31 వరకు పెరిగిన విలువను కాపాడింది. 2024 జులై 23 బడ్జెట్ రేటును 10 నుంచి 12.5 శాతానికి పెంచి ఆ రోజు నుంచే అమలు చేసింది. ముందే ఊహించి నిర్ణయం తీసుకునే వీలు ఎవరికీ లేదు. ఈ పన్ను తీసేసినప్పుడు 2004లో వచ్చిన లావాదేవీల పన్నును, ఇది తిరిగొచ్చాకా అలాగే కొనసాగించడం అన్యాయమన్న ఫిర్యాదు నాకు న్యాయంగానే తోస్తుంది. ఆ న్యాయం ప్రభుత్వాన్ని అడగాలి. దాని కోసం క్షీణిస్తున్న కంపెనీలో డబ్బు ఉంచడం ఎవరికీ బుద్ధి చెప్పదు.

యుద్ధభూమిలో చెప్పిన మాటను బజారుకు ఈడ్చడం తగునా అని కొందరు అడుగుతారు. వాణిజ్యాన్ని కూడా స్వధర్మంగా లెక్కించింది ఆ పద్దెనిమిదో అధ్యాయమే. పైగా పిల్లల చదువు, ముసలితనం ఈ సొమ్ము మీద ఆధారపడిన ఇంట్లో దాన్ని చూసుకోవడం విలాసం కాదు, గృహస్థు చేయవలసిన పని. మమకారం ఎంత ఖరీదైనదో సత్యం కంప్యూటర్స్ విషయంలో తెలుగువాళ్లకు తెలిసొచ్చింది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ తన ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటించి, మదుపరులు తిరగబడటంతో వెనక్కి తీసుకుంది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటపెట్టింది. మధ్యలో మూడు వారాలు. మనవాళ్ల కంపెనీ అన్న అభిమానంతో అప్పటికీ ప్రశ్నించని వాళ్ల నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ నమ్మకానికి ఆధారమైన అంకెలే అబద్ధం. ఆ ఫలితాలు నిరాశపరిచినవి కూడా కావు, మెరిసినవి.

అందరికీ ఫలితాలు చదవడం రాదన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. నిజమే. చదవలేనివారు, చదివే తీరిక లేనివారు ఇండెక్స్ ఫండ్‌లో పెట్టుకోవడమే మేలు, అది ఓటమి కాదు. విడిగా షేర్లు కొంటామనేవారు మాత్రం ఈ భారం తప్పించుకోలేరు. అర్ధ సంవత్సర, వార్షిక ఫలితాలతో పాటు నగదు ప్రవాహ పట్టిక వస్తుంది. లాభం పెరిగినట్టు చూపుతున్న కంపెనీకి వ్యాపారం నుంచి నగదు వస్తోందా, రావలసిన బాకీలు పేరుకుపోతున్నాయా అన్నది అందులో తెలుస్తుంది. ఈసారి ఫలితాలు వచ్చిన రోజు డీమ్యాట్ ఖాతాలో కొన్న ధర చూడకముందే ఆ పట్టిక తెరవండి.