సమ్మతి సంతకం

ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు నలుగురు కలిసినచోట ఇప్పుడు ప్లాట్ల మాట రాకుండా ఉండదు. స్టాఫ్ రూముల్లో, సెమినార్ల భోజన విరామాల్లో, పుస్తకావిష్కరణ సభ అయిపోయి ఆటో కోసం ఎదురుచూసేటప్పుడు కూడా వింటూనే ఉన్నాను. షాద్‌నగర్ వైపు గజం ఎంత, భువనగిరి వైపు ఎంత, బ్యాంకు ఎంతవరకు అప్పిస్తుంది. సాహిత్యం గురించి, ఉద్యమాల గురించి మాట్లాడుకోవాల్సినవాళ్లం ఇవేం మాటలని మనలో కొందరికి చిన్నతనంగా ఉంటుంది. నాకా చిన్నతనం లేదు. తరతరాలుగా స్త్రీకి భూమి లేదని వ్యాసాలు రాసిన మనం, తన జీతంతో రెండు వందల గజాలు కొనుక్కోబోయే స్త్రీని చూసి మొహం చిట్లించడంలో న్యాయం కనిపించదు. స్త్రీకి భూమి మీద స్వతంత్రమైన హక్కు, అదుపు ఉంటేనే ఇంట్లో ఆమె మాటకు బలం వస్తుందని బీనా అగర్వాల్ 1994లోనే ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’లో వివరంగా వాదించారు. ఆ పుస్తకాన్ని తరగతిలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి స్థలం కొనడం మధ్యతరగతి యావ అనడం ఎలా కుదురుతుంది?

అయితే ఇంకో ప్రశ్న ఉంది. ఆ పేరుకు మూలమైన వర్జీనియా వుల్ఫ్ వ్యాసం 1929లో సొంత గదితో పాటు ఏడాదికి అయిదు వందల పౌండ్లు కూడా కావాలంది. మనకు గది గుర్తుండిపోయింది, పౌండ్లు అంతగా గుర్తుండలేదు. అందులో కథ చెప్పే స్త్రీకి ఆ డబ్బు రాసిచ్చి పోయింది బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త. వలస పాలనలో ఉన్న బొంబాయి పేరు అలా ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. ఒక స్త్రీకి స్వేచ్ఛనిచ్చిన ఆస్తి ఎవరెవరి చేతులు దాటి వచ్చిందన్న ప్రశ్న అక్కడ ఆగిపోయింది. స్థలం కొందామని కిందటేడు బయల్దేరినప్పుడు నన్ను పట్టుకున్నది ఆ ప్రశ్నే.

కొత్తగా కొనేవాళ్లకు అందరూ చెప్పే జాగ్రత్తలు దాదాపు ఒక్కటే. ముప్పై ఏళ్ల ఈసీ తీయించు. లింకు డాక్యుమెంట్లు అడుగు. లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో చూడు. 2016 నాటి రెరా చట్టం కింద నమోదైందా అని నంబరు కొట్టి చూసుకో. నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు లేదని నిర్ధారించుకో. మంచి సలహాలే, పాటించాల్సినవే. నేను పాటించాను. నాకు చేతనైన ఒకే విద్య పాఠాన్ని చదవడం. అందులో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడకుండా ఉన్నారో చూడటం. లింకు డాక్యుమెంట్లు కూడా పాఠాలే కదా అని, జిరాక్సు కట్టలు ముందేసుకుని చదవడం మొదలుపెట్టాను.

దస్తావేజు భాషకు ఒక మూస ఉంది. అమ్మేవాళ్లు ఎప్పుడూ కుటుంబ అవసరాల నిమిత్తమే అమ్ముతారు. ఎప్పుడూ మనఃపూర్వకంగానే, ఎవరి ఒత్తిడీ లేకుండానే అమ్ముతారు. నాలుగు హద్దులు పొల్లుపోకుండా ఉంటాయి కానీ ఆ అవసరం ఏమిటో ఎక్కడా ఉండదు. పెళ్లో, ఆసుపత్రో, ఎండిన బోరో మనం ఊహించుకోవాలి. ఈ మూసలోనే ఇంకో వరుస నా కంటబడింది. కొడుకుల పేర్ల కింద, సమ్మతిదారులుగా కూతుళ్ల పేర్లు. అత్తగారి ఊరు, వయసు, వృత్తి దగ్గర గృహిణి, పక్కన ఫొటో, వేలిముద్ర. సొమ్ము ముట్టిన వివరాలున్న పేరాలో మాత్రం ఆ పేర్లు లేవు. నేను చూసిన నాలుగు వెంచర్ల కాగితాల్లో మూడింటిలో ఇదే తీరు.

ఈ వరుస వెనక మనం గర్వంగా చెప్పుకునే చరిత్రే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, కేంద్రం కంటే ఇరవై ఏళ్ల ముందు. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను అది బయటే ఉంచింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. అప్పటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న దాంతో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని మెట్లెక్కి వచ్చిన హక్కు మార్కెట్లోకి రాగానే ఏమైంది? కొనేవాడి దృష్టిలో అదొక చిక్కు. రేపు ఏ ఆడపిల్లయినా వచ్చి దావా వేస్తుందేమోనన్న భయం. ఆ భయం తీరడానికి ఆమె సంతకం కావాలి. ఆమె వాటా ఆమెకు ముట్టడంతో ఎవరికీ పనిలేదు. ‘ఆడపిల్లల సంతకాలన్నీ అయిపోయాయి మేడమ్, టైటిల్ క్లియర్’ అని మధ్యవర్తి నాతో సంతోషంగా అన్నాడు. నేను కట్టే డబ్బుకి భద్రత ఎక్కణ్ణుంచి వస్తోందో ఆ మాటతో తెలిసింది. ఇంకో స్త్రీ హక్కు వదులుకోవడమే నా హక్కుకు పునాది.

సంతకం ఆమె ఇష్టపడి పెట్టిందే కదా అనొచ్చు. ఇక్కడ తులశమ్మ కేసు గుర్తుచేసుకోవాలి. 1931లో భర్త పోయాక మనోవర్తి కోసం మరిది మీద నెల్లూరు కోర్టుకెక్కిన తెలుగు వితంతువు ఆమె. 1949లో కుదిరిన రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు. బతికున్నంత కాలం అనుభవించవచ్చు, అమ్మే హక్కు మాత్రం లేదు. 1961లో ఆమె కొంత అమ్మేసింది. మరిది దావా వేశాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఆస్తికి ఆమే సంపూర్ణ హక్కుదారు అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేసరికి 1977 వచ్చింది. అమ్మగలిగినప్పుడే ఆస్తి ఆమెదైంది. ఇప్పటి కూతురి స్థితి దీనికి తలకిందులు. ఆమెకు అనుభవం లేదు, రాబడి లేదు. అమ్మకం రోజున మాత్రం హక్కుదారు. ఆ ఒక్క పూట కూడా హక్కును వదులుకోవడానికే.

అదే 1977లో ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కూడా వచ్చింది. భూమిలేని పేదలకు, అందులో ఎందరో దళితులకు, ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మకూడదని, కొనకూడదని. వితంతువుకు అన్యాయమైన ఆంక్షే ఇక్కడ రక్షణ అయింది. ఎందుకంటే అవసరంలో ఉన్నవాళ్ల దగ్గర అమ్మే హక్కు కొనేవాడి ఆయుధమవుతుంది. కాబట్టి అమ్మే స్వేచ్ఛ మంచిదా చెడ్డదా అని విడిగా తేల్చలేం. అమ్మే చేతిలో కాదనగల సత్తువ ఎంత ఉందన్నదే అడగాలి.

చివరికి నేను వెంచర్‌లో కొనలేదు. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నంలో అక్కా, ఇద్దరు తమ్ముళ్లు కలిసి అమ్ముతున్న పాత ఇంటి స్థలం, నూట ఎనభై గజాలు బేరమాడాను. ముగ్గురి పేరా మూడు సమాన డీడీలు ఇస్తాను, ఆ వివరం దస్తావేజులో రాయించాలి అన్నాను. అంతకుముందు ఇదే షరతు మీద ఒక బేరం చెడిపోయింది. ఇక్కడా రెండు నెలలు నలిగింది. ‘స్థలం కొంటున్నారా, వాళ్ల ఇంటి తగువు తీరుస్తున్నారా మేడమ్’ అన్నాడు మధ్యవర్తి. తమ్ముళ్లు కినుకగా చూశారు. రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆ అక్కే నెమ్మదిగా అంది: ‘నాకెందుకమ్మాయ్ ఇదంతా? రేపు నాకేదన్నా అయితే తలుపు తీసేది వాళ్లే. డబ్బు చేతికొచ్చి ఆ తలుపు మూసుకుపోతే నేనేం చేసుకోను?’

ఆమెకు హక్కులు తెలియక కాదు. పుట్టింటి తలుపు ఆమెకున్న ఒకే ఒక్క బీమా. వాటా వదులుకోవడం దానికి కట్టే ప్రీమియం. మన చైతన్య సదస్సులు ఈ లెక్కను అజ్ఞానంగా చూసినంత కాలం ఆమెతో మాట్లాడలేవు. ఆమె తరపున న్యాయం చేస్తున్నానని అనుకునే హక్కు నాకూ లేదు. అందుకే ఒక్క మాటే అన్నాను: ‘తీసుకున్నాక తమ్ముళ్లకే ఇచ్చెయ్యండక్కా, అది మీ ఇష్టం. కానీ ఇవ్వాలన్నా ముందు మీ చేతిలో ఉండాలి కదా.’ ఆమె డీడీ తీసుకుని, మడత పెట్టకుండా సంచిలో పుస్తకం మధ్య పెట్టుకుంది. తర్వాత ఏం చేసిందో నేను అడగలేదు. చేతికి రాని దాన్ని వదిలేయడం త్యాగమూ కాదు, దానమూ కాదు. వచ్చాక ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆమె నిర్ణయం. కొనేవాళ్లుగా మనం చేయగలిగింది ఆ నిర్ణయానికి ఒక్క క్షణం చోటివ్వడమే.

ఇది చాలదని నాకు తెలుసు. వెంచర్ల భూమి ఎకరాల లెక్కన చేతులు మారి మన దాకా గజాల లెక్కన వస్తుంది. ఎకరానికి 4840 గజాలు. అంత వెనక్కి వెళ్లి ఏ కూతురికి ఏం ముట్టిందో సరిచేయడం కొనేవాళ్ల తరం కాదు. అసలు ఏ దస్తావేజులోనూ పేరు లేని స్త్రీల సంగతేమిటి? 2015లో అమరావతి భూసమీకరణలో భూమి ఇచ్చిన యజమానులకు ప్లాట్లు తిరిగిచ్చే ఒప్పందం జరిగింది. ఆ పొలాల్లో నాట్లేసి కలుపు తీసిన భూమిలేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్ల పాటు అన్నారు. భూమి విలువ పెరిగితే వాటా యజమానికి, పని పోతే భృతి కూలికి. స్థలం ధర పెరగాలని కోరుకునే నేను ఈ లెక్కలో ఏ వైపు ఉన్నానో చెప్పనక్కర్లేదు. మూడు డీడీలతో ఆ బాకీ తీరదు. తీరిందని అనుకోకుండా ఉండటమే ప్రస్తుతానికి నా నిజాయితీ.

అయినా కొత్తగా కొనబోయే స్నేహితురాళ్లకు ఆ జాగ్రత్తల జాబితాలో ఇంకో ప్రశ్న కూడా రాసుకోమంటున్నాను: సంతకం పెట్టిన ఆడపడుచులకు ఏం ముట్టింది? జవాబు సరిగ్గా లేకపోయినా టైటిల్‌కు ఏ ఢోకా ఉండకపోవచ్చు. అందుకే ఆ ప్రశ్న ఏ లాయరూ అడగడు, మనమే అడగాలి.

నాన్న పోయాక మా ఊళ్లో ఉమ్మడిగా మిగిలిన రెండెకరాలు ఈ ఎండాకాలం అమ్మకానికి వస్తాయని అన్నయ్య ఫోన్ చేశాడు. ‘నువ్వొక్కసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లు చాలు’ అన్నాడు, ప్రేమగానే. బెంచీ మీద ఆమె చెప్పిన తలుపు మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ముక్కూమొహం తెలియని అమ్మకందారుల దగ్గర పట్టుబట్టినంత తేలిక కాదిది. అయినా నా పేరా వేరే డీడీ కావాలని అడుగుతాను. వదినకు ఎలా చెప్పాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.