బావి సాక్ష్యము

పొరుగువాని పెరటిలో చెత్త పోయువానిని లోకము నిందించును. ఆ చెత్తనే ఊరి వెలుపల గుట్టగా పోయగా, దాని ఊట భూమిలో నింకి కొన్నియేండ్లకు పొరుగూరి బావిని చేరినచో, నిందించువారు కానరారు. పోసినవాడు తనకు తెలియదనును. త్రాగినవానికి కారణమే తెలియదు. ఇట్టి తెలియమి దోషమును పోగొట్టునా యనునది మనము విచారింపవలసిన ప్రశ్న.

మన ఉత్తరాంధ్రమున పట్టణములతోపాటు చెత్తదిబ్బలును పెరిగినవి. విశాఖపట్టణపు చెత్త ఏండ్ల తరబడి భీమునిపట్టణపు చేరువనున్న కాపులుప్పాడకు తరలింపబడినది. పట్టణము శుభ్రమైనదని మనము సంతసించితిమి. కాని చెత్తకు చోటు మాత్రమే మారినది. కుళ్లిన యన్నము, ఆకులు, బ్యాటరీలు, రంగుడబ్బాలు ఒక్కచోట నానగా, వాననీరు వాని గుండ దిగి నల్లని ఊటయై వెలువడును. అందు లవణములు, అమోనియా, ఒక్కొక్కయెడ సీసము వంటి లోహములు నుండును. అడుగున బంకమన్నుగాని ప్లాస్టిక్కు పొరగాని లేనిచోట అది భూజలముతో కలియకుండ ఆపునది స్వల్పము.

భూజలము కదలక యుండునని పలువురి తలంపు. అది సరికాదు. భూమిలో నీటి నడక మట్టపు వాలును, నేల స్వభావమును బట్టి యుండునని 1856లో హెన్రీ డార్సీ యను ఫ్రెంచి ఇంజనీరు ప్రకటించిన సూత్రమువలన తెలియుచున్నది. ఉదాహరణమునకు, ఒక ఇసుకనేలకు నీటిని పోనిచ్చు గుణము దినమునకు 5 మీటర్లనియు, వాలు 200 మీటర్లకు 1 మీటరనియు, నేలలో నాలుగవవంతు ఖాళీ యనియు అనుకొందము. అప్పుడు నీరు దినమునకు 10 సెంటీమీటర్లు, ఏడాదికి సుమారు 36 మీటర్లు నడచును. అర కిలోమీటరు దూరపు బావిని చేరుటకు దాదాపు 14 ఏండ్లు పట్టును. చెత్త పోయించిన యధికారి యప్పటికి ఉద్యోగము విరమించి యుండవచ్చును. ఆ నీరు త్రాగు బిడ్డ, చెత్త పోసిననాటికి పుట్టియే యుండదు. మన ఖోండలైటు రాతినేలలలోనో, పగుళ్లవెంట నీరు ఇంకను వేగముగ, ఊహింపరాని దిక్కునకు పోవచ్చును.

కావున కొలవక తప్పదు. మూడు బావుల నీటిమట్టములను ఒకేదినమున కొలిచి, సముద్రమట్టముతో సరిచూచినచో నీరు ఏ దిక్కునకు పోవునో అంచనా కట్టవచ్చును. దిబ్బకు ఎగువన నొక బావిని, దిగువన రెండుమూడింటిని ఎన్నుకొని, నీటిని పలుమారులు పరీక్షింపవలెను. ఎగువబావిలో లేని మార్పు దిగువబావిలో ఏటేట పెరిగినచో దిబ్బను శంకించుటకు ఆధారము దొరకును. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములు దిబ్బకు పూర్వమే భూజలస్థితిని నమోదు చేయవలెననియు, అంచునుండి 50 మీటర్లలోపలి నీటిని వేసవిలో, వానలలో, వానల పిదప పరీక్షింపవలెననియు, దిబ్బను మూసిన తరువాత 15 ఏండ్లైనను కనిపెట్టి యుండవలెననియు విధించినవి.

పరీక్షలు ప్రజలకు లేనిపోని భయము పుట్టించునని కొందఱందురు. పరీక్ష లేనిచోటనే వదంతి బలియును. 2024 అక్టోబరులో విజయనగరము జిల్లా గుర్లయందు అతిసారము ప్రబలి పలువురు మరణింపగా, అందఱి దృష్టియు నీటిపై బడెను. మెల్లగా వచ్చు కల్మషమున కట్టి హెచ్చరిక లేదు. నైట్రేటునకు రంగును లేదు, వాసనయు లేదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును చూడుడు. అచ్చటి మూత్రపిండ వ్యాధికి చెత్తదిబ్బలు కారణమని నే ననను. ఎన్ని పరిశోధనలు జరిగినను కారణ మిదియని నిశ్చయముగ తేలలేదు. వ్యాధి ముదిరిన పిదప వెనుకకు వెదకుట యెంత కష్టమో దానివలన నేర్వవచ్చును. అయినను నిశ్చయమునకై వేచియుండక, 2023 డిసెంబరులో హిరమండలము జలాశయపు నీటిని ఆ ప్రాంతమున కందించు పథకమును ప్రారంభించిరి. అది యుచితమైన పని.

తెలిసికొన వీలులేని విషయమున తెలియమి క్షమింపదగినది. వీలుండియు తెలిసికొన నొల్లనివాని తెలియమి యట్టిది కాదు. దిబ్బను నిలిపిన పట్టణమే దిగువ గ్రామపు బావులను పరీక్షింపించి, ఫలితములను తెలుగులో పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని దేశప్రమాణము. తమ బావిలో నెంత యున్నదో ఆ నీటిని తోడుకొను ఇల్లాలు చదివి తెలిసికొనగలుగవలెను. ఆమెకు మన మీ మాత్రము ఋణపడి యున్నాము.