చక్కెర, ఎముకల బొగ్గు, అనుమోదనం

జంతుసంబంధమైన దేనినీ వాడరాదనే వీగన్ నియమం మాంసం, పాల దగ్గర తేలికగానే తేలుతుంది గానీ చక్కెర దగ్గర చిక్కుపడుతుంది. కొన్ని విదేశీ శుద్ధికర్మాగారాలు చక్కెర పాకాన్ని ఎముకల బొగ్గు, అంటే పశువుల ఎముకలను గాలి చొరకుండా కాల్చి చేసిన నల్లని గుళికల గుండా వడగట్టి రంగు తీస్తాయి, ఆ బొగ్గు మాత్రం చక్కెరలో మిగలదు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసిన బోధన్ ప్రాంతంలో ఈ శంక అంతగా అక్కరలేదు, మన మిల్లులు సాధారణంగా సున్నంతో, గంధకపు వాయువుతో చెరకురసాన్ని తేటపరుస్తాయి గనుక. బాహుబలి ఏలిన పోదనపురం ఈ బోధనేనని పలువురు చరిత్రకారులు భావిస్తారు; ఆయనను కొలిచే జైనధర్మం హింసను కృతం (తాను చేసినది), కారితం (చేయించినది), అనుమోదితం (సమ్మతించినది) అని మూడుగా చూస్తుంది. మాంసం కోసం కోసిన పశువు ఎముకతో శుద్ధిచేసిన చక్కెరను తెలిసి కొన్నవాడు కారితానికి కాకపోయినా అనుమోదితానికి బాధ్యుడే. అయితే చెరకుబండి కాడి కింద కాయకట్టిన ఎద్దు మెడ సంగతి ఏ పొట్లం మీదా అచ్చు కాకపోయినా, ఎముకల బొగ్గు బెడద లేని స్థానిక వినియోగదారుడు కూడా అది తెలిసి కొంటే ఆ ఎద్దు విషయంలో అదే మూడో కోవలోకి వస్తాడు.