దాచుటయు వాడుటయు

ఒక వస్తువును భద్రపరచుట దానిని గౌరవించుటయా, లేక దాని బ్రతుకును దానికి లేకుండ జేయుటయా? ధనమును గూర్చియు విద్యను గూర్చియు పెద్దలు ఈ ప్రశ్నను పలుమారులు వేసియున్నారు. నేను దీనిని మరింత చిన్న విషయముపై నిలిపి చూడదలచితిని. జపానుదేశమున తేయాకును, తేనీటి గిన్నెలను ఉంచుకొను కొయ్య బీరువాల సంగతి అది. ఇంత అల్పవిషయమునకు ధర్మవిచారమెందులకని కొందరు నవ్వవచ్చును. కాని గొప్ప విషయములలో మనము మాటలచే మోసపోవుదుము. చిన్న విషయములలో చేతులు చేయు పని కంటికి కనబడును.

సొరుగుల పెట్టెలను, బీరువాలను జపానువారు తన్సు అను పేరితో పిలుతురు. బట్టలకొక విధమైనది, మందులకు వేరొకటి, వర్తకుని లెక్కపుస్తకములకు ఇంకొకటి. నావికుల కొరకు ఇనుపకట్లతో బిగించినది కలదు, మెట్లక్రింది చోటు వృథాపోకుండ మెట్లనే సొరుగులుగా మలచినదియు కలదు. వంటయింటి పాత్రలకు మిజుయా తన్సు. ఇంటిల్లపాది కూర్చుండు గదిలో తేయాకు డబ్బాను, కెటిలును, గిన్నెలను పెట్టుకొనునది చాదన్సు. ఇది చిన్నది. దీని అరలు తరచుగా ఒక్క వరుసలో నుండక, ఒకటి పైకిని ఒకటి క్రిందికిని అమరియుండును. తలుపులు ముందుకు తెరచుకొనక ప్రక్కకు జరుగును. చాపపై కూర్చున్న మనిషి లేవకయే తలుపు జరిపి గిన్నెను అందుకొనవచ్చును. అనగా దీనిని చేసిన వడ్రంగి, వస్తువును లోపల పెట్టుటను గూర్చి ఎంత ఆలోచించెనో, వెలుపలికి తీయుటను గూర్చియు అంత ఆలోచించెను. మన భోషాణములను చేసినవారికి ఈ రెండవ ఆలోచన అంతగా కలిగినట్లు తోచదు. అడుగున నున్న వెండిచెంబు కావలెనన్న పైనున్న సమస్తమును దింపవలసినదే.

ఈ బీరువాలో చేరు రెండు వస్తువుల స్వభావములు పరస్పర విరుద్ధములు. తేయాకునకు గాలియు, వెలుతురును, వేడియు, తేమయు నాలుగును శత్రువులే. తన పరిమళమును పోగొట్టుకొనుటయే గాక ప్రక్కనున్న దాని వాసనను ఇట్టే పీల్చుకొనును. అందుచేతనే ఆకును నిలువచేయుటకు లోపల తగరపు రేకు పరచిన దేవదారు పెట్టెలను వాడుచువచ్చిరి. తేనీటి గురువుల సంప్రదాయములో వసంతమున కోసిన ఆకును జాడీలో పోసి, మూతకు ముద్రవేసి, నవంబరు మాసమున ముద్ర విప్పుట ఒక ఉత్సవము. ఆ నెలలన్నియు మూసియుంచుట వలన ఆకునకు నష్టము లేదు. రుచి పరిపక్వమగుననియే వారి అనుభవము.

గిన్నె ధర్మము వేరు. హాగి అను పట్టణపు గిన్నెల నడుగుడు. వాని పైపూతలో వెండ్రుకవాసి బీటలుండును. ఏండ్ల తరబడి తేనీరు ఆ బీటలలో ఇంకి గిన్నె రంగు మెల్లమెల్లగా మారును. హాగి గిన్నెకు ఏడు మార్పులని జపానులో ఒక వాడుక మాట. ఆ మార్పు చేతులలోనే జరుగును గాని పెట్టెలో జరుగదు. పైగా సరిగా ఆరకముందే మూసిపెట్టినచో బూజు పట్టును. కావున ఒకే బీరువాలో నొకదానిని మూసి కాపాడవలెను, ఒకదానిని తీసి కాపాడవలెను. లోభి చేయు తప్పు ఇక్కడనే యున్నదని నా తలంపు: అతడు సమస్తమును తేయాకువలె చూచును.

ఇందుకొక నిదర్శనము కలదు. క్యోటోలోని దైతోకుజి ఆశ్రమమునకు చేరిన కోహోఆన్ అను మందిరమున కిజాయెమొన్ ఇదో అను గిన్నె యున్నది. అది పదునారవ శతాబ్దమున కొరియాదేశమున పేరులేని కుమ్మరి చేసిన సామాన్యపు గిన్నె. జపాను చేరిన పిదప దాని వెల పెరిగెను, కీర్తి పెరిగెను. దానిని కలిగియున్నవారికి కురుపులు లేచునను కథయు పుట్టెను. మత్సుదైరా ఫుమాయి అను ప్రభువు (1751–1818) భార్య యెంత వేడుకొన్నను దానిని విడువలేదట. చివరకు అతని కుటుంబము వారే మందిరమునకు సమర్పించిరి. జానపద కళల విమర్శకుడు యనగి సోయెత్సు 1931లో దానిని చూడబోయినప్పుడు పెట్టెలో పెట్టె, అందులో మరియొక పెట్టెగా విప్పవలసివచ్చెను. విప్పగా కనబడినది నిరాడంబరమైన గిన్నె. అది అట్లు సామాన్యముగా నుండుటయే దాని గొప్పతనమని ఆయన వ్రాసెను. ఆయన మాటను నేను కాదనను. కాని అన్ని పెట్టెలలో చిక్కుకొన్న సామాన్యత యెట్టిదని అడుగక మానలేను. ఆ కుమ్మరి దానిని మందిరమునకు చేయలేదు, ఆకలిగొన్నవారికి చేసెను.

అట్లని పాతవానినన్నిటిని తెరచి వాడుడనుటయు అంత సులభము కాదు. జపానులో నిత్యము కిమోనో కట్టువారు తగ్గినందున పాత బట్టల తన్సులు అంగళ్లకు వచ్చుచున్నవి. వానిని కొని తేయాకును గిన్నెలను సర్దుకొనువారు ఆ దేశముననే గాక ఇతర దేశములందును ఉన్నారు. ఆ పెట్టెలలో పలువానిని కిరి అను చెట్టు కొయ్యతో చేయుదురు. అది మిక్కిలి తేలిక. తేమ తగిలినప్పుడు ఉబ్బి సందులను మూసికొనును. మంచి పనివాని చేతి పెట్టెలో ఒక సొరుగు నెట్టినచో లోని గాలి త్రోపుడుకు మరియొక సొరుగు తనంతట ముందుకు వచ్చును. ఆడుబిడ్డ పుట్టినప్పుడు కిరి మొక్క నాటి, ఆమె పెండ్లినాటికి ఆ కొయ్యతో తన్సు చేయించుట ప్రసిద్ధమైన ఆచారము.

ఆ పెట్టె ఆమె స్వంతము. తొకుగవ ప్రభువుల కాలమున స్త్రీకి స్వాతంత్ర్యము బహు స్వల్పము. అయినను ఆమె తెచ్చుకొన్న బట్టలను ఆమె సమ్మతి లేక భర్త కుదువపెట్టినచో, విడాకులు కోరుటకు పుట్టినింటివారికి అది చాలిన కారణముగా నుండెను. స్త్రీధనమను మాట మనకు క్రొత్తది కాదు. ఆ ధనమునకు ఎవరి చేతి తాళమను ప్రశ్నయు క్రొత్తది కాదు. ఒక స్త్రీకి లోకమున తనదని చెప్పుకొనుటకు మిగిలిన పెట్టెలో, ఆమెను ఎరుగని మనము గిన్నెలు పేర్చుట న్యాయమా?

న్యాయమే యని నేననుకొందును, రెండు నియమములపై. మొదటిది కొయ్య పెట్టు నియమము. పురుగు పట్టకుండ బట్టల నడుమ కర్పూరము పెట్టిన సొరుగున ఆ వాసన చిరకాలము నిలుచును. అందులో విడి తేయాకును పెట్టరాదు. మందుల తన్సు సంగతియు అంతే, చిన్న సొరుగులు ఎంత ముచ్చటగా నున్నను సరే. తగరపు డబ్బాలో బిగించి పెట్టవలెను. కిరి కొయ్య మెత్తనిది గనుక బరువైన పింగాణి నొకే సొరుగున నింపరాదు. రెండవది, ఆ పెట్టె యెవరిదై యుండెనో మరవకుండుట. దానిని గోడప్రక్క అలంకారముగా నిలిపి, వచ్చినవారికి వెల చెప్పి మురియుట నాకు సరిపడదు. పెండ్లికూతురి పెట్టెను దినమునకు నాలుగుమారులు తెరచి ఇంటివారికి తేనీరు పోసినచో, దాని మొదటి యజమానురాలికి అందువలన అవమానము కలుగదు. ఇంటి కోడలు అడిగి తీసికొనవలసిన అగత్యము లేకుండ ఆ సొరుగులు తెరచియుండవలెను. పాత పెట్టెలు తాళపుచెవి లేకయే అంగడికి వచ్చినప్పుడు క్రొత్త చెవి చేయించువారు కలరు. తేయాకునకు తగరపు మూత చాలును. గిన్నెలకు అదియు అక్కరలేదు.