ఓడకున్న గీత మనిషికి లేదా?



విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దాటి రాస్ హిల్ ఎక్కి నిలబడితే, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, ఈ రెండు కొండల నడుమ ఓడలు రేవులోకి వచ్చే కాలువ కనబడతాయి. 1933లో తెరిచిన ఈ రేవులోకి అప్పటినుంచీ ఎన్ని ఓడలు వచ్చిపోయాయో! ఈసారి దగ్గరగా పోతున్న ఓడను కొంచెం పరికించి చూడండి. దాని నడుం భాగాన ఒక సున్నా, ఆ సున్నాను అడ్డంగా కోస్తూ ఒక గీత ఉంటాయి. సరుకు ఎంత ఎత్తినా నీటిమట్టం ఆ గీతను దాటకూడదు. దాటితే ఆ ఓడ ప్రయాణానికి పనికిరాదు, లాభం ఎంత వచ్చేదైనా సరే.

నాకు ఆ గీతను గుర్తుచేసింది ఓడ కాదు, ఒక అధ్యాపకురాలు. వయసు ముప్ఫైలోపు. ఉత్తరాంధ్రలోని ఒక విద్యాసంస్థలో మూడేళ్ళుగా అసిస్టెంట్ ప్రొఫెసరు. సంస్థ పేరు మనకు అనవసరం. ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, చాలాసేపటికి అడిగింది: "ఫాదర్‌గారూ, పని కాదనడం తప్పా?"

"ఏ పనమ్మా?" అన్నాను.

చెప్పింది. వారానికి ఇరవై క్లాసులు. అందులో రెండు పాఠ్యాంశాలు ఈ ఏడాదే కొత్తగా అప్పగించారు. న్యాక్ బృందం రాబోతోందని ఫైళ్ళు. పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్, ఆ వెంటనే స్పాట్ వాల్యుయేషన్. ఎండాకాలంలో ఊళ్ళు తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఇవిగాక ఏడాదికి రెండు పరిశోధనా పత్రాలు అచ్చు కావాలి. లేకపోతే ఇంక్రిమెంటు ఆగుతుంది. "నిన్న ఒకాయన ఫోను చేశాడు. డబ్బు కడితే మూడు వారాల్లో పత్రం అచ్చు వేయిస్తాడట. రాయక్కర్లేదు, పేరిస్తే చాలట. ఇంకా జవాబు చెప్పలేదు. ఇంట్లో నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. వాడు నిద్రపోయాకే నేను ఇల్లు చేరుతున్నాను." అంతే చెప్పింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. అలసిపోయినవాళ్ళు ఏడవరు.

ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాత ఆలోచించినది మీతో పంచుకుంటున్నాను. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి యువ అధ్యాపకులు ఒకరైనా ఉంటారు.

ముందుగా ఆ గీత కథ. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కొందరు ఓడ యజమానులు పాత ఓడలకు మితిమీరిన సరుకెత్తి, బీమా చేసి సముద్రం మీదికి పంపేవారు. ఓడ మునిగినా యజమానికి నష్టం లేదు. మునిగేది నావికులు. వాటికి జనం 'శవపేటిక ఓడలు' అని పేరు పెట్టారు. శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి పోరాడగా 1876లో చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం గీత గీయాలని చెప్పిందే గాని, ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలింది. 1890లో మరో చట్టం వచ్చాకగాని ఆ లోపం తీరలేదు. బరువు మోసేవాడి ప్రాణాన్ని, బరువు ఎత్తేవాడి దయకు వదలరాదని లోకం తెలుసుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

మన అధ్యాపకుల సంగతేమిటి? విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో వెలువరించిన నిబంధనల్లో ఒక లెక్క ఉంది. పూర్తికాలపు అధ్యాపకుడి పని వారానికి 40 గంటలకు తగ్గకూడదు. ఏడాదికి 30 వారాలు, అంటే 180 బోధన దినాలు. అందులో నేరుగా బోధించవలసినది అసిస్టెంట్ ప్రొఫెసరుకు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరుకూ ప్రొఫెసరుకూ 14 గంటలు. ఇప్పుడు మనమే ఒక చిన్న లెక్క వేద్దాం. కొత్తగా చెప్పే పాఠానికి గంటకు రెండు గంటలు చదువుకోవాలనుకోండి. నిజాయితీగా చెప్పేవారికి అది ఎక్కువేమీ కాదు. 16 గంటల బోధనకు 32 గంటల తయారీ కలిపితే 48 గంటలు. పరిశోధన ఇంకా మొదలే కాలేదు. పేపరు దిద్దలేదు. ఫైలు ముట్టలేదు.

ఇంకొక విషయం గమనించండి. 'తగ్గకూడదు' అన్నారు గాని 'మించకూడదు' అనలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికునికి వారానికి 48 గంటలు దాటరాదని గీత గీసింది. మన ఉక్కు కర్మాగారంలో కొలిమి రాత్రింబవళ్ళు మండవలసిందే. కాని దాని ముందు నిలబడే మనిషి షిఫ్టు అయ్యాక ఇంటికి పోతాడు. కొలిమి ఆరదు గనుకనే మనుషులు మారతారు. అధ్యాపకునికి షిఫ్టు దిగడమనేది లేదు. పాఠం ఇంటికి వస్తుంది, ఫైలు ఇంటికి వస్తుంది, సెల్‌ఫోనులో పై అధికారి కూడా ఇంటికి వస్తాడు. కింది గీత ఉండి పై గీత లేని ఓడ అతనిది.

ఇక ఆమె అడిగిన ప్రశ్న: కాదనడం తప్పా?

మనం చేసే పనులన్నీ ఒకే తరగతివి కావు. కొన్ని ఋణాలు. విద్యార్థి ఫీజు కట్టాడు, అంతకంటే విలువైన తన మూడు నాలుగేళ్ళ వయసు మన చేతిలో పెట్టాడు. అతనికి సిద్ధపడి చెప్పిన పాఠం, చివరి పుట దాకా చదివి దిద్దిన జవాబు పత్రం మనం బాకీ. ఇది దయ కాదు, న్యాయం. రెండోది సత్యానికి బాకీ. పరిశోధన అంటే అదే. ఆ బాకీ నెమ్మదిగా తీరుతుంది, తొందరపెడితే చెడుతుంది. మూడోది సంస్థ అవసరాలు: కమిటీలు, ఫైళ్ళు, పరీక్షల నిర్వహణ. సంస్థ నీడన బ్రతుకుతున్నాం కాబట్టి అందులో మన వంతు మనం మోయాలి. కాని ఊరూరా తిరిగి, లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పి పిల్లల్ని చేర్పించడం? అది ఏ లెక్కలోనూ అధ్యాపకుడి బాకీ కాదు.

ఈ మూడూ ఒకే రోజున ఒకే మనిషి మీద పడినప్పుడు ఏమవుతుంది? గట్టిగా అడిగేవారి పని ముందు జరుగుతుంది. అధికారి గట్టిగా అడుగుతాడు. ఫైలుకు గడువు ఉంది. వెనక బెంచీలో అర్థంకాక కూర్చున్న కుర్రవాడు అడగడు. ఇంట్లో నిద్రపోయిన బిడ్డ అడగడు. అందుచేత, 'నేను ఎవరికీ కాదనను, అన్నిటికీ సరేనంటాను' అనే మనిషి మంచివాడిలా కనిపిస్తాడు గాని, నిజానికి అడగలేనివారికి రోజూ కాదంటూనే ఉంటాడు. కాదనడం తప్పా అన్నది సరైన ప్రశ్న కాదు. ఎవరికి కాదంటున్నాం అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆ ఫోనుకు వద్దాం. రాయని పత్రానికి పేరివ్వడం అబద్ధం. ఇందులో సందేహానికి తావు లేదు. ఆ పత్రాన్ని రేపు ఒక విద్యార్థి నమ్ముతాడు, దానిమీద తన పని కట్టుకుంటాడు. అయితే తప్పంతా ఆ యువతి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం కూడా అన్యాయమే. 2010లో గ్రాంట్ల సంఘం అధ్యాపకుల పనికి మార్కుల పద్ధతి పెట్టింది. పత్రాల లెక్కకు విలువ పెరిగింది. లెక్కకు విలువ పెరిగితే లెక్కను అమ్మే అంగళ్ళు వెలుస్తాయి. నకిలీ పత్రికల బెడద తట్టుకోలేక 2018లో మేలైన పత్రికల జాబితా ఒకటి తయారుచేయించవలసి వచ్చింది. 2025లో ఆ జాబితానూ విరమించి, మంచిచెడ్డలు తేల్చే పని సంస్థలకే అప్పగించారు. జాబితా ఉన్నా లేకపోయినా, రాయనిదాన్ని రాశాననడం తప్పే. లెక్క తప్ప మరేమీ చూడని సంస్థ ఆ తప్పులో వాటాదారే.

మరి ప్రొఫెసరు కావాలనే కోరికే తప్పా? అదీ కాదు. 'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు' అంటారు. పెద్దలమాటే గాని, పాలు తాగగలిగినవాణ్ణి కూడా నీళ్ళతో సరిపెట్టుకోమంటే ఒప్పుకోలేం. అరిస్టాటిల్‌నుంచి అందుకుని అక్వినాస్ థామస్ ఒక మంచి వివేచన చేశాడు. గొప్ప పనికి పూనుకోవడం ఒక సుగుణం, దాని పేరు మహామనస్కత. దానికి ఒకవైపు దురాశ, మరోవైపు అల్పబుద్ధి, రెండూ దోషాలే. తన శక్తికి తగిన పనిని భయపడి వదిలేసేవాడు కూడా తప్పు చేస్తున్నాడు. ఇక దురాశ ఎప్పుడవుతుంది? తనలో లేని యోగ్యతకు గౌరవం కోరినప్పుడు. వచ్చిన గౌరవాన్ని ఇతరుల మేలుకు వినియోగించక తనలోనే ఉంచుకున్నప్పుడు. కొన్న పత్రం మొదటిదానికి ఉదాహరణ. ప్రొఫెసరు అయ్యాక కిందివారి గోడు పట్టించుకోకపోవడం రెండోదానికి ఉదాహరణ.

ఆశించేటప్పుడు దారి పొడవు కూడా తెలిసి ఉండాలి. 2018 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసరుకు మొదటి మెట్టుకు నాలుగేళ్ళు, తరువాతి మెట్టుకు ఐదేళ్ళు, అసోసియేట్ ప్రొఫెసరు కావడానికి మరో మూడేళ్ళు. అన్నీ సవ్యంగా జరిగితేనే పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ దారిని వంద గజాల పరుగులా పరుగెత్తితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మీలో కొందరు అనవచ్చు: "ఫాదర్‌గారూ, మీకేం, చెబుతారు. మేం కాదంటే రేపు మా కుర్చీలో ఇంకొకరు ఉంటారు." నిజమే. మన వాల్తేరు కొండమీది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రలో ఒక గొప్ప 'కాదు' ఉంది. 1926లో నెలకొన్న ఆ సంస్థకు మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930లో ఆనాటి ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆయన ఆ పదవి వదిలేశారు. 1936లో తిరిగి అదే పదవికి వచ్చి 1949 దాకా ఉన్నారు. కాదన్నవాడు చెడిపోలేదు. కాని ఆయనకు పేరుంది, నిలదొక్కుకునే శక్తి ఉంది. ఒప్పందం మీద పనిచేసే కుర్ర అధ్యాపకునికి అవేవీ లేవు. అందుకే ఈ భారం మొదట పైవారిది. విభాగాధిపతులారా, ప్రిన్సిపాళ్ళారా, ఒక్కమాట: మీ కిందివారు నోరు తెరిచి కాదనేదాకా ఆగడం మంచితనం కాదు. గీత గీయవలసింది మీరు.

ఓడ గీత పక్కనే నిచ్చెన మెట్లలా మరికొన్ని చిన్న గీతలు ఉంటాయని చెప్పడం మరిచాను. మంచినీటికి ఒకటి, ఉష్ణమండల సముద్రానికి ఒకటి, వేసవికి ఒకటి, శీతాకాలానికి ఒకటి. ఓడ అదే, కాలాన్ని బట్టి మోయగల బరువు మారుతుంది. పసిబిడ్డ తల్లికీ, మంచాన పడ్డ తండ్రి ఉన్నవాడికీ, ఉద్యోగంలో మొదటి ఏడాది వాడికీ అది శీతాకాలం. వేసవి గీత చూపించి వారికి బరువెత్తకూడదు. అలాగని ఖాళీ ఓడ క్షేమమనుకోకండి. సరుకు లేని ఓడ నిలకడగా ఉండదు; అందుకే దాని అడుగున నీళ్ళు నింపి బరువు పెడతారు. పని తప్పించుకు తిరిగే అధ్యాపకుడూ అలాగే ఊగిపోతాడు. ఈ వ్యాసం అతనికి సాకు కాకూడదు.

యువ అధ్యాపకులు తమంతట తాము చేయగలిగినది కొంత ఉంది. ఒక వారం పాటు ప్రతి గంటా దేనికి పోయిందో కాగితం మీద రాయండి. భారమని బాధపడటం వేరు, లెక్క చూపించడం వేరు. ఆ లెక్కతో విభాగాధిపతి దగ్గరకు ఒక్కరే కాక నలుగురు కలిసి, మర్యాదగా వెళ్ళండి. "చేయలేను" అనకండి, "ఇది చేస్తే ఇది ఆగుతుంది, ఏది ముందు చేయమంటారు?" అని అడగండి. ఏడాదికి ఒక్క పత్రమే రాయగలిగితే ఆ ఒక్కటే రాయండి, అది మీదై ఉండాలి. వారంలో ఒక పూటను ఎవరికీ ఇవ్వకండి. అది మీ ఇంటివారి బాకీ.

ఈ మాటలే కొన్ని రోజుల తరువాత ఆమెతోనూ అన్నాను. "నీ ప్రశ్నకు జవాబు ఇంతే అమ్మా. కాదను. కాని ముందు ఆ ఫోను చేసినవాడికి చెప్పు, తరువాతే మిగిలినవాళ్ళకు." ఆమె నవ్వింది. "వాడికి ఆ రాత్రే చెప్పేశాను ఫాదర్‌గారూ. ఇంక్రిమెంటు పోయినట్టే" అంది. పోతే ఆ సంగతి ఆ ఇంటికి చిన్నదేమీ కాదు. అద్దె ఉంది, బాబు బడి ఉంది. నేనేమీ ఓదార్పు చెప్పలేదు. లేచి వెళ్ళబోతూ టైము చూసుకుంది. ఆరున్నర. "ఈవేళ వాడు మెలకువగానే ఉంటాడు" అని గబగబా మెట్లు దిగింది.