తాళం ఇచ్చిన చెయ్యి

మలక్‌పేటకూ హయత్‌నగర్‌కూ నడుమ హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఒక ఫైర్ స్టేషన్ ఉందనుకుందాం. అందులో ఒక ఆఫీసరు, ఒక పాత డ్రైవర్ ఆపరేటరు, కొత్తగా చేరిన ఒక ఫైర్‌మన్ కుర్రాడు. కథ కాబట్టి పేర్లు అక్కర్లేదు.

పెద్దాయనకు ఒక అలవాటుండేది. పొద్దున డ్యూటీ ఎక్కగానే, టీ కూడా తాగకుండా బండి చుట్టూ తిరిగేవాడు. టైర్లు కొట్టి చూసేవాడు. బ్రేకుల గాలి మీటరు పైకెక్కేదాకా ఇంజను ఆపేవాడు కాదు. ట్యాంకు మూత తీసి, నీళ్లు అంచుదాకా ఉన్నాయో లేదో తొంగి చూసేవాడు. చివరికి పంపు ఒకసారి నడిపి ఆపేవాడు. కుర్రాడికి ఇదంతా చాదస్తం.

"అన్నా, నిన్ననే చూసినవ్ గదా. రాత్రికి రాత్రి ఏం మారుతది?"

"మారకపోతే మంచిదే," అనేవాడు పెద్దాయన, చేతులు తుడుచుకుంటూ.

కుర్రాడిది నల్గొండ వైపు పల్లె. ఉద్యోగం రాకముందు మేనమామ డీసీఎం వ్యాను మీద టమాటా పెట్టెలు, ఉల్లిగడ్డ బస్తాలు వేసుకుని రాత్రుళ్లు పట్నం వచ్చేవాడు. చేతిలో ఉన్నది కారు తోలే లైసెన్సు. హెవీ లేదు. ఎవరూ ఆపలేదు గనుక అవసరం పడలేదు.

ఒకరోజు సాయంత్రం పెద్దాయనకు జ్వరం వచ్చింది. అప్పటికే ఆ మధ్యాహ్నం ఏదో స్క్రాపు గోడౌను మంట ఆర్పి వచ్చారు. ఒళ్లు కాలిపోతుంటే ఆఫీసరే జాలిపడి ఆరింటికి ఇంటికి పంపేశాడు. రాత్రి డ్యూటీకి రావాల్సిన మనిషి ఇబ్రహీంపట్నం నుంచి బయల్దేరి, వానకు సాగర్ రోడ్డు మీద ఇరుక్కున్నాడు. రాత్రి పదింటికి స్టేషన్‌లో గంట మోగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక హాస్టల్. మెట్ల కింద కరెంటు మీటర్ల బోర్డు అంటుకుంది, పక్కనే నిలబెట్టిన బండ్లు అంటుకున్నాయి. పైన మూడో అంతస్తులో పిల్లలున్నారు.

"నేను తోలుత సార్," అన్నాడు కుర్రాడు.

"నీకు హెవీ ఉందా?"

"ఎల్‌ఎంవీ ఉంది సార్. మా మామ డీసీఎం రెండేండ్లు తోలిన. తోలుడే గదా సార్!"

ఫోను మళ్లీ మోగింది. ఆఫీసరు తాళం వంక ఒకసారి చూశాడు, ఇచ్చేశాడు.

కుర్రాడు భయస్తుడు కాదు. ఎల్బీ నగర్ సర్కిల్ దాటి, కొత్తపేట మీదుగా, మెట్రో పిల్లర్ల పక్క నుంచి సైరన్ మోగిస్తూ దూసుకుపోయాడు. చైతన్యపురి దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. బండి ఆగినట్టే ఆగి, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు మరో నాలుగడుగులు ముందుకు జరిగింది. ఆటోవాడి అదృష్టం బాగుంది. డీసీఎంలో ఉల్లిగడ్డ బస్తాలు కదలవు. ట్యాంకులో నీళ్లు కదులుతాయి. మధ్యాహ్నం మంటకు సగం నీళ్లు ఖర్చయ్యాయి, మళ్లీ నింపే మనిషి జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. నిండు ట్యాంకులో నీటికి కదిలే చోటు ఉండదు. సగం ట్యాంకులో రెండు టన్నుల పైచిలుకు నీళ్లు ఒక్క ఊపున ముందు గోడను గుద్దుతాయి. లోపల అడ్డుపలకలుంటాయి, అవి దెబ్బను తగ్గిస్తాయేగానీ పూర్తిగా ఆపవు.

అయినా చేరాడు. జనం దారిచ్చారు, ఈలలు వేశారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి.

లారీ డ్రైవరయితే బండి ఆగగానే పని అయిపోయేది. డ్రైవర్ ఆపరేటరుకు అక్కడే పని మొదలవుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి, పీటీఓ కలపాలి. అప్పుడు ఇంజను బలం చక్రాలను వదిలి పంపుకు మళ్లుతుంది. ఆ తర్వాత యాక్సిలరేటరు ఎంత పెంచాలో, గొట్టం పట్టుకున్నవాడి చేతిలో ప్రెషర్ ఎంత నిలపాలో, ఉన్న నీళ్లు ఎన్ని నిమిషాలొస్తాయో మీటర్లు చూస్తూ లెక్కేసుకోవాలి. కుర్రాడు లివరు లాగాడు. లోపల గేర్లు గరగరమన్నాయి, ఇంజను ఆగిపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ ఆగింది. గొట్టం నేల మీద చప్పగా పడి ఉంది.

ఆఫీసరుకు పంపు తెలుసు. ఎప్పుడో నేర్చుకున్నదే. పరుగున వచ్చి, కుర్రాణ్ని పక్కకు జరిపి, తనే కూర్చున్నాడు. నీళ్లు వచ్చాయి. కానీ ఆయన తల పంపు మీటర్ల మీదికి వంగి ఉన్న ఆ కొద్దిసేపు మూడో అంతస్తు వైపు చూసేవాళ్లు లేరు. "అక్కడే ఉండండి, తలుపు మూసుకోండి, నిచ్చెన వస్తోంది" అని కేకేసి చెప్పేవాళ్లు లేరు. ఒక విద్యార్థి కేబుల్ వైర్లు పట్టుకుని దిగబోయి జారాడు. కాలు విరిగింది. ఇంతలో మలక్‌పేట నుంచి రెండో బండి వచ్చింది, మంట ఆరింది. ప్రాణాలు ఎవరివీ పోలేదు.

మర్నాడు కాలనీవాళ్లు కుర్రాడికి శాలువా కప్పారు. వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ఆఫీసరు చేతికి మెమో వచ్చింది.

కుర్రాడు శాలువాతోనే పెద్దాయన ఇంటికి పోయాడు. "నేను తోలకపోతే బండే కదలకపోవు గదన్నా. నాకు శాలువా, సార్‌కు మెమోనా? ఇదేం న్యాయం?"

"శాలువా కప్పినోళ్లు నువ్వు వచ్చుడు చూసిండ్రు. మెమో ఇచ్చినోళ్లు సార్ ఏడున్నడో చూసిండ్రు."

"ఏడున్నడు? పంపు కాడ."

"ఉండాల్సింది కిటికీ కింద."

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే చేతులు కట్టుకొని కూసోవాల్నా అన్నా?"

"నన్ను ఇంటికి పంపింది ఆరింటికి. అప్పుడే ఇంకో స్టేషన్ల డ్రైవర్‌ను అడగాలె. పదింటికి గంట మోగినంక అడిగేదేముంది?"

నీతి: బండి ఎవరు తోలారని అడిగే ముందు తాళం ఎవరిచ్చారని అడగాలి.

ఈ నీతి నేను కల్పించింది కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ఐదో సెక్షన్‌లో ఉన్నది దాదాపు ఇదే. బండి యజమానిగానీ, బండి ఎవరి అధీనంలో ఉందో ఆ మనిషిగానీ, తగిన లైసెన్సు లేనివాణ్ని తోలనివ్వకూడదు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. చట్టం చేసిన నాడు లైసెన్సు లేకుండా తోలినవాడికి జరిమానా 500 రూపాయల దాకా, తోలనిచ్చినవాడికి 1,000 దాకా. తాళం ఇచ్చిన చేతికి రెట్టింపు! 2019 సవరణలో ఇద్దరికీ ఒకటే చేశారు: 5,000 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెట్టింపు ఉంచితేనే బాగుండేదని నా అభిప్రాయం.

ఫైరింజన్‌కు మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. రోడ్డు మీద లారీకి, బస్సుకు ఉండాల్సిన పర్మిట్ దానికి అక్కర్లేదని అరవై ఆరో సెక్షన్ చెబుతుంది. ఆ మినహాయింపు పర్మిట్‌కే గానీ తోలే మనిషి లైసెన్సుకు కాదు. కేంద్రం తయారుచేసిన వాహనాల జాబితాలో ఫైర్ టెండరు కూడా ట్రాన్స్‌పోర్టు వాహనమే. ట్రాన్స్‌పోర్టు వాహనం తోలాలంటే 20 ఏళ్లు నిండాలి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పిచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపుంటే, కారు లైసెన్సుతోనే ట్రాన్స్‌పోర్టు బండి కూడా తోలొచ్చని. ఆటోవాళ్లకు, చిన్న గూడ్సు బండ్లవాళ్లకు అది పెద్ద ఊరట. మన కుర్రాడు ఆ తీర్పు చూపిద్దామనుకుంటే మాత్రం కుదరదు. 4,500 లీటర్ల వాటర్ టెండరులో ట్యాంకు నింపితే నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు, దానికి లారీ ఛాసిస్, పంపు, గొట్టాలు, మనుషులు అదనం.

సైరన్ వేసుకుంటే నిబంధనలు ఉండవనుకోవడం మరో భ్రమ. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లు ఫైరింజన్‌కు రోడ్డు మీద మొదటి హక్కు ఇచ్చాయి, అంబులెన్సు కంటే కూడా ముందు. అవసరమైతే రెడ్ సిగ్నల్ దాటొచ్చు, వేగ పరిమితి మించొచ్చు. అయితే తగిన జాగ్రత్తతో, బాధ్యతతో అన్న షరతు అదే వాక్యంలో ఉంది. చైతన్యపురిలో ఆ ఆటోకు తగిలి ఉంటే సైరన్ మోగిందని చెప్పి తప్పించుకోవడం కుదిరేది కాదు. దారివ్వనివాడికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ రాసిన చట్టమే, దారి తీసుకునేవాడి దగ్గర లైసెన్సు అడుగుతుంది.

ఇందులో న్యాయంగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. అమెరికాలో అలా లేదు కదా అని డాలస్‌లో ఉన్న మన చుట్టమెవరైనా అనొచ్చు. నిజమే. భారీ వాహనాలకు అక్కడ తప్పనిసరైన కమర్షియల్ లైసెన్సు నుంచి ఫైర్‌ఫైటర్లను మినహాయించే వెసులుబాటును అక్కడి కేంద్ర నిబంధనలు రాష్ట్రాలకు ఇచ్చాయి. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం ఆ వెసులుబాటు వాడుకుంది. కానీ అక్కడ కూడా బరువుకు తగిన క్లాసు లైసెన్సు వేరే తీసుకోవాల్సిందే. పంపు నడపడానికీ, బండి తోలడానికీ కలిపి డ్రైవర్ ఆపరేటర్‌కు ప్రత్యేకమైన ప్రమాణమే రాసిపెట్టారు. చాలా నగరాల్లో ఆ మనిషిని ఇంజనీరు అని పిలుస్తారు. కాగితం ఒకటి తగ్గించి, నేర్పు ఎక్కువ అడిగారు. మన దగ్గర కాగితం ఇటు నాగోలు ఆర్టీఏ పరీక్ష ట్రాక్ మీద, నేర్పు అటు వట్టినాగులపల్లి ఫైర్ శాఖ శిక్షణ కేంద్రంలో. రెండు చోట్లా గట్టెక్కినవాడి చేతికే తాళం.

2019 అక్టోబరులో ఎల్బీ నగర్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో తెల్లవారుజామున మంటలు లేచి ఒక పసిబిడ్డ చనిపోయింది. అలాంటి వేళ లైసెన్సు గురించి మాట్లాడితే వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది. అందుకే పెద్దాయన ఆరింటి సంగతి ఎత్తాడు. ఎవరు సెలవు, ఎవరు బదులు, బదులు రాకపోతే ఏ స్టేషన్ నుంచి మనిషి, మధ్యాహ్నం సగం ఖాళీ అయిన ట్యాంకు ఎవరు నింపాలి? ఇవి పొద్దున రిజిస్టర్‌లో తేల్చుకోవాల్సిన మాటలు. ఆ ఆఫీసరు మంచివాడే. జ్వరం వచ్చినవాణ్ని ఇంటికి పంపాడు. పంపాక చేయాల్సిన ఒక్క ఫోను చేయలేదు.

కుర్రాడు ఆ తర్వాత హెవీకి దరఖాస్తు చేశాడు. దానికి ఎల్‌ఎంవీ వచ్చి ఏడాది నిండి ఉండాలి, అతనికి నిండింది. డాక్టరు సర్టిఫికెట్ కావాలి, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ కావాలి. పరీక్షకు స్కూలువాళ్ల ఖాళీ లారీ దొరికింది. నీళ్ల బండి మాత్రం పెద్దాయనే నేర్పాడు, స్టేషన్ ఆవరణలో, సగం ట్యాంకు నింపి మరీ.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఫైర్ శాఖ ఉద్యోగాల కోసం చదువుతున్న పిల్లలు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. బిట్ బ్యాంకులు కొంటారు, మాక్ టెస్టులు రాస్తారు, పొద్దున్నే గ్రౌండుకెళ్లి పరుగు తీస్తారు. డ్రైవర్ ఆపరేటర్ పోస్టుకు హెవీ లైసెన్సు ముందే చేతిలో ఉండాలన్న సంగతి కొందరికి నోటిఫికేషన్ చదివినప్పుడుగానీ తట్టదు. కారు లైసెన్సు ఈ నెల తీసుకున్నవాడు హెవీ లెర్నింగ్ కోసం అడగాలన్నా వచ్చే ఏడాది ఇదే నెల దాకా ఆగాలి. కారు లైసెన్సు కూడా లేనివాడు ముందు ఆర్టీఏ దారి పట్టి, ఆ తర్వాత కోచింగ్ ఫీజు కట్టడం మేలు.