తప్పు వెనుక ఒక భాష



పెరూ దేశంలో, ఆండీస్ కొండల్లో కుస్కో అనే నగరం ఉంది. బడిలో స్పానిష్. చాలా ఇళ్లలో కెచువా. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న వంటిళ్లలా ఈ రెండు భాషలూ దాదాపు అయిదు వందల ఏళ్లుగా కలిసి బతుకుతున్నాయి. ఘుమఘుమలు అటూ ఇటూ సోకకుండా ఉంటాయా!

అక్కడి పిల్లవాడు "మా అమ్మది, ఆమె ఇల్లు" అన్న తీరులో స్పానిష్ మాట్లాడతాడు. పంతులైతే తప్పని కొట్టేస్తాడు. ఆ పంతులే పరిశోధకుడైతే? ఎందుకిలా అన్నాడని ఆరా తీస్తాడు. జవాబు కెచువాలో దొరుకుతుంది. ఆ భాషలో అమ్మకూ ఒక ప్రత్యయం చేరుతుంది, ఇంటికీ ఒక ప్రత్యయం చేరుతుంది. పిల్లవాడు ఆ పద్ధతినే స్పానిష్‌లోకి తెచ్చుకున్నాడు. అది తప్పు కాదు, మరో వ్యాకరణం.

1975లో పెరూ కెచువాను అధికార భాషగా గుర్తించింది. చిన్నచూపు మాత్రం అంత త్వరగా పోలేదు.

మన మన్యం బడుల్లోనూ ఇంట్లో ఒక భాష, పుస్తకంలో తెలుగు ఉన్న పిల్లలున్నారు. వాళ్ల తెలుగు వింతగా తోస్తే నవ్వకండి. తప్పు వెనుక ఒక భాష ఉంటుంది. దిద్దే ముందు, ఒకసారి వినండి.